బ్రౌజర్‌కు తెలిసిన దారి ఆప్ట్‌కు తెలియదు: లినక్స్ ప్యాకేజీ మేనేజర్లూ ఆఫీసు ప్రాక్సీలూ

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి, వైట్‌ఫీల్డ్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న టెక్ పార్కుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరి లినక్స్ ల్యాప్‌టాప్ అందుకున్నవారికి తొలి రోజుల్లోనే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బ్రౌజర్‌లో అన్ని సైట్లూ తెరుచుకుంటాయి. టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ అని కొడితే, అంటే రూట్ (అడ్మినిస్ట్రేటర్) హక్కులిచ్చే సుడో ద్వారా ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్‌ను సాఫ్ట్‌వేర్ జాబితాలు తాజా చేయమంటే, మాత్రం ఉబుంటు ఆర్కైవ్ సర్వర్ పేరును తాత్కాలికంగా గుర్తించలేకపోయామంటూ వరసబెట్టి ఎర్రర్లు వస్తాయి. పక్క సీట్లో ఉన్న కర్నూలు అబ్బాయినో, నెల్లూరు అమ్మాయినో అడిగితే “ప్రాక్సీ పెట్టావా?” అంటారు. ప్రాక్సీ అంటే ఆఫీసు నుంచి ఇంటర్నెట్‌కు వెళ్లే అభ్యర్థనలను మధ్యలో నిలబడి చేరవేసే సర్వర్. ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు మాత్రం టీమ్‌లో ఎంతమంది ఉంటే అన్ని జవాబులు వస్తాయి. షెల్ తెరిచినప్పుడల్లా చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో పెట్టమని ఒకరు, డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ పేజీలో పెట్టమని ఒకరు, ఈటీసీ డైరెక్టరీలోని ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో పెట్టమని మరొకరు చెబుతారు. ఈ జవాబులన్నీ ఏదో ఒక సందర్భంలో పనిచేసినవే. అందుకే ఇంతకాలంగా చలామణీలో ఉన్నాయి, అందుకే గందరగోళమూ తీరడం లేదు.

దీనికి మూలం ఏమిటంటే, లినక్స్‌లో యంత్రం మొత్తానికీ వర్తించే ప్రాక్సీ సెట్టింగ్ అనేదే లేదు. కెర్నల్‌కు హెచ్‌టీటీపీ ప్రాక్సీ సంగతి పట్టదు. ఏ ప్రోగ్రామ్‌కు ఆ ప్రోగ్రామే ప్రాక్సీ చిరునామాను ఎక్కడో ఒకచోట వెతుక్కుని, సర్వర్‌కు పంపవలసిన అభ్యర్థనను ప్రాక్సీకి అప్పగించాలి. గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో పెట్టినది ఆ యూజర్ డెస్క్‌టాప్ సెషన్‌కు చెందిన విషయం. ఆప్ట్ దాన్ని చదవదు. చాలా ఆఫీసుల్లో బ్రౌజర్లకు ప్రాక్సీ చిరునామా నేరుగా ఇవ్వరు, ప్యాక్ ఫైల్ అనే చిన్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ ఇస్తారు. ఏ సైటుకు ఏ ప్రాక్సీ వాడాలో ఆ ప్రోగ్రామ్ నిర్ణయిస్తుంది. జావాస్క్రిప్ట్‌ను నడపగల సరంజామా బ్రౌజర్‌లో ఉంది, ఆప్ట్‌లో లేదు. కాబట్టి బ్రౌజర్ పనిచేస్తోందంటే నెట్‌వర్క్ బాగానే ఉందని తేలుతుందే తప్ప, ప్యాకేజీ మేనేజర్‌కు దారి తెలుసని తేలదు. చేయవలసిన మొదటి పని ఆ ప్యాక్ ఫైల్‌ను తెరిచి, అందులోంచి ప్రాక్సీ పేరునూ పోర్టునూ బయటికి తీయడం.

ఆ పైన అందరూ ముందుగా పట్టేది ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ల దారి, అంటే షెల్ తాను నడిపే ప్రోగ్రాములకు అందించే పేరున్న విలువల దారి. హెచ్‌టీటీపీ_ప్రాక్సీ, హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ, నో_ప్రాక్సీ అనే మూడు పేర్లు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి, కానీ వాటికి రాతపూర్వక ప్రమాణమేదీ లేదు. ఆ పేర్లను చిన్న అక్షరాల్లో రాయాలా, పెద్ద అక్షరాల్లోనా అన్నదాంట్లోనే ప్రోగ్రాములకు ఏకాభిప్రాయం కుదరలేదు. టెర్మినల్ నుంచి వెబ్ చిరునామాలు తెచ్చే కర్ల్ ఉద్దేశపూర్వకంగానే పెద్ద అక్షరాల హెచ్‌టీటీపీ_ప్రాక్సీని పట్టించుకోదు. వెబ్ సర్వర్ మీద సీజీఐ (అభ్యర్థన వివరాలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లుగా అందించే) పద్ధతిలో నడిచే ప్రోగ్రాములకు, బయటి నుంచి వచ్చిన అభ్యర్థనలోని ‘ప్రాక్సీ’ అనే హెడర్ సరిగ్గా అదే పేరుతో ఎన్విరాన్‌మెంట్‌లో ప్రత్యక్షమవుతుంది కాబట్టి, ఎవరో దారినపోయేవారు ఆ సర్వర్ ట్రాఫిక్‌ను తమ ప్రాక్సీ మీదుగా తిప్పుకునే వీలుంటుంది. 2016 జూలైలో ‘హెచ్‌టీటీపాక్సీ’ పేరుతో బయటపడి ఎన్నో భాషల లైబ్రరీలను ఇబ్బంది పెట్టిన లోపం ఇదే. ఈ కారణంగా చిన్న అక్షరాల పేరు తప్పనిసరి. పెద్ద అక్షరాల పేరునే చూసే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి కనుక రెండూ పెట్టడం ఆచారమైంది. ప్రాక్సీ అక్కర్లేని చిరునామాలను చెప్పే నో_ప్రాక్సీ పరిస్థితి ఇంకా అధ్వాన్నం. డొమైన్ ముందు చుక్క పెట్టాలా వద్దా, ఐపీ చిరునామాల శ్రేణిని స్లాష్‌తో రాస్తే అర్థం చేసుకుంటుందా లేదా అన్నది ప్రోగ్రామ్‌ను బట్టి మారుతుంది. కర్ల్‌కు కూడా అలాంటి శ్రేణులు 2022 అక్టోబరులో వచ్చిన 7.86.0 వెర్షన్ నుంచి మాత్రమే అర్థమవుతున్నాయి.

ఇంతకన్నా ఎక్కువమందిని తిప్పలు పెట్టేది సుడో. షెల్‌లో వేరియబుల్ ఎక్స్‌పోర్ట్ చేసి, కర్ల్‌తో పరీక్షించి, పనిచేస్తోందని నిర్ధారించుకున్నాక ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొడితే మళ్లీ పాత ఎర్రరే వస్తుంది. సుడో తన భద్రతా నియమం ప్రకారం యూజర్ ఎన్విరాన్‌మెంట్‌ను దాదాపుగా తుడిచేసి, రూట్ కింద కొత్తది కట్టి ఇస్తుంది. ప్రాక్సీ వేరియబుళ్లు ఆ గడప దగ్గరే ఆగిపోతాయి. సుడోకు పెద్ద అక్షరపు ‘ఈ’ ఆప్షన్ ఇస్తే అవి దాటుతాయి, సుడోయర్స్ ఫైల్లో ఎన్వ్_కీప్ కింద ఆ పేర్లు చేర్చినా దాటుతాయి. కానీ మనిషి టెర్మినల్ ముందు కూర్చుని కొట్టే కమాండ్‌కు మాత్రమే ఈ పరిష్కారం వర్తిస్తుంది. ఉబుంటులో భద్రతా అప్‌డేట్లను ఎవరూ అడగకుండానే తెచ్చే అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ యంత్రంలో తెరవెనుక సేవలను నడిపే సిస్టమ్‌డీ టైమర్ మీద నడుస్తుంది. దానికి ఎవరి బాష్‌ఆర్‌సీతోనూ సంబంధం లేదు. షెల్ వేరియబుళ్ల మీదే ఆధారపడిన యంత్రంలో చేత్తో చేసిన అప్‌డేట్లు జరుగుతూ ఉంటాయి, తనంతట తాను జరగాల్సినవి నెలల తరబడి చడీచప్పుడూ లేకుండా విఫలమవుతూ ఉంటాయి. రెండింటిలో ఎక్కువ ప్రమాదకరమైన వైఫల్యం ఇదే, ఎందుకంటే ఇది ఎవరి కంటా పడదు.

కాబట్టి ప్యాకేజీ మేనేజర్ ప్రాక్సీని ప్యాకేజీ మేనేజర్ సొంత కాన్ఫిగరేషన్‌లోనే పెట్టాలి. ఆప్ట్ విషయంలో అది /ఈటీసీ/ఆప్ట్ కింద ఉన్న ఆప్ట్.కాన్ఫ్.డీ డైరెక్టరీ. అందులో 95ప్రాక్సీ లాంటి పేరుతో చిన్న ఫైలు పెట్టి, ఇలా ఒక వరస రాస్తే చాలు (టెర్మినల్‌లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలని వేరే చెప్పనక్కర్లేదు):

అక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీ "హెచ్‌టీటీపీ://ప్రాక్సీ.ఆఫీసు.లోకల్:3128/";

ఈ ఒక్క వరసలో తప్పు జరిగే చోట్లు చాలానే ఉన్నాయి. చివరి సెమీకోలన్ మరిచిపోతే ఆప్ట్ కాన్ఫిగరేషన్ మొత్తాన్నే చదవలేనంటుంది. కోలన్లు ఎప్పుడూ జంటగానే ఉండాలి. ఫైలు పేరుకు ఎక్స్‌టెన్షన్ ఉండకూడదు, ఉంటే ‘కాన్ఫ్’ అయి ఉండాలి. ‘టీఎక్స్‌టీ’ అని ముగిసే ఫైలును ఆప్ట్ ఒక చిన్న గమనికతో పక్కన పెట్టేస్తుంది. (దీన్నే అనుకూలంగా వాడుకోవచ్చు: పేరు చివర ‘.డిసేబుల్డ్’ అని తగిలిస్తే ఆ ఫైలు మాటామంతీ లేకుండా పక్కకు తప్పుకుంటుంది.) ఆ డైరెక్టరీలోని ఫైళ్లన్నీ పేర్ల వరస ప్రకారం చదివాక, చివరగా ఆప్ట్.కాన్ఫ్ అనే ప్రధాన ఫైలును ఆప్ట్ చదువుతుంది. ఆఖరున చదివిన విలువే నిలుస్తుంది. డెబియన్ ఇన్‌స్టాలర్, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇచ్చిన ప్రాక్సీని సరిగ్గా ఆ ప్రధాన ఫైల్లోనే రాస్తుంది. పాత ఆఫీసు ప్రాక్సీతో ఇన్‌స్టాల్ అయిన యంత్రంలో కొత్త చిరునామాను ఎంత పెద్ద అంకె పేరున్న ఫైల్లో రాసినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. ఊహాగానాలు మాని ‘ఆప్ట్-కాన్ఫిగ్ డంప్’ నడిపితే, అన్ని ఫైళ్లూ కలిసిన తర్వాత ఆప్ట్ చివరికి ఏ విలువ పట్టుకుందో కళ్లెదుట కనిపిస్తుంది. ఈ ఫైల్లో పెట్టిన విలువ ఎన్విరాన్‌మెంట్‌లోని ప్రాక్సీ చిరునామా కన్నా పైచేయి. ఆఫీసు లోపలే ఒక మిర్రర్ (ఆర్కైవ్ నకలు) ఉంటే, అదే సెట్టింగ్ చివర ఆ సర్వర్ పేరు జోడించి విలువగా ‘డైరెక్ట్’ అని రాయాలి. అప్పుడు ఆ ఒక్క సర్వర్‌కు ఆప్ట్ ప్రాక్సీ లేకుండా వెళ్తుంది.

హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలకు (ప్యాకేజీల భాండాగారాలకు) విడిగా సెట్టింగ్ ఇవ్వకపోతే హెచ్‌టీటీపీకి ఇచ్చినదే వర్తిస్తుంది. ఇస్తే మాత్రం ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు: హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ అంటున్నారు కదా అని ప్రాక్సీ చిరునామా కూడా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెడతారు. సెట్టింగ్ పేరులోని హెచ్‌టీటీపీఎస్ చేరవలసిన సర్వర్‌కు సంబంధించినది, చిరునామాలోనిది ప్రాక్సీతో మాట్లాడే పద్ధతికి సంబంధించినది. మామూలు ఆఫీసు ప్రాక్సీ సాదా హెచ్‌టీటీపీలోనే వింటుంది. దానితో టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్‌లోని ఎన్‌క్రిప్షన్ పొర) మొదలుపెడితే అది అర్థంకాని బైట్లను చూసి కనెక్షన్ తెంచేస్తుంది. సరైన పద్ధతిలో అయితే ఆప్ట్ ముందు ‘కనెక్ట్’ అనే ఆదేశంతో ఫలానా సర్వర్ 443 పోర్టుకు గొట్టం వేయమని ప్రాక్సీని అడిగి, ఆ గొట్టం గుండా సర్వర్‌తో నేరుగా టీఎల్‌ఎస్ సంభాషణ జరుపుతుంది. ప్రాక్సీకి సర్వర్ పేరు కనిపిస్తుంది, లోపలి సరుకు కనిపించదు.

లోపలి సరుకు కూడా చూడాలనుకునే ఆఫీసులు తమ సొంత సర్టిఫికెట్ అథారిటీతో సంతకం చేసిన నకలు సర్టిఫికెట్‌ను సర్వర్ స్థానంలో చూపిస్తాయి. అప్పుడు ఆప్ట్ సర్టిఫికెట్‌ను ధ్రువీకరించలేకపోయానని మొరాయిస్తుంది, రెడ్ హ్యాట్ కుటుంబపు ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్ కూడా అంతే. వెతికితే చప్పున దొరికే చిట్కా ధ్రువీకరణనే ఆపేయడం, డీఎన్‌ఎఫ్‌లో ఎస్‌ఎస్‌ఎల్‌వెరిఫైకి సున్నా పెట్టడం. ఇది వద్దే వద్దు. ఆఫీసు రూట్ సర్టిఫికెట్‌ను ఐటీ విభాగం నుంచి తెచ్చుకుని, డెబియన్, ఉబుంటులలో /యూఎస్‌ఆర్/లోకల్/షేర్ కింది సీఏ-సర్టిఫికెట్స్ డైరెక్టరీలో ‘సీఆర్‌టీ’ ఎక్స్‌టెన్షన్‌తో పెట్టి అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్ నడపాలి. రెడ్ హ్యాట్ కుటుంబంలో పీకేఐ డైరెక్టరీలోని యాంకర్స్‌లో పెట్టి అప్‌డేట్-సీఏ-ట్రస్ట్ నడపాలి. అయిదు నిమిషాల పని.

ఇక్కడ ఒక వాదన తరచూ వినిపిస్తుంది: ఉబుంటు ఆర్కైవ్ ఎలాగూ సాదా హెచ్‌టీటీపీ మీదే నడుస్తోంది, ప్యాకేజీల భద్రత జీపీజీ డిజిటల్ సంతకం మీద ఉంది కానీ దారి మీద లేదు, కనుక టీఎల్‌ఎస్ గురించి ఇంత పట్టింపు దేనికి అని. వాదనలో చాలా భాగం నిజమే. రిపాజిటరీ మొదటి పట్టిక అయిన ఇన్‌రిలీజ్ ఫైలు మీద పంపిణీదారు సంతకం ఉంటుంది, అందులో సూచిక ఫైళ్ల హ్యాష్‌లు (ఫైలు మారితే మారిపోయే వేలిముద్రల్లాంటి విలువలు) ఉంటాయి, ఆ సూచికల్లో ఒక్కో ప్యాకేజీ హ్యాష్ ఉంటుంది. మధ్యలో ప్రాక్సీ ఏ బైటు మార్చినా గొలుసు తెగుతుంది. అయితే 2019 జనవరిలో బయటపడిన సీవీఈ-2019-3462 లోపం ఈ ధీమాకు గండి కొట్టింది. హెచ్‌టీటీపీ దారి మళ్లింపులను ఆప్ట్ సరిగ్గా శుద్ధి చేయకపోవడం వల్ల, మధ్యలో కూర్చున్నవారు తమ ప్యాకేజీతోపాటు దానికి సరిపోయే హ్యాష్‌ను కూడా ఆప్ట్ లోపలి సంభాషణలోకి చొప్పించగలిగేవారు. సంతకాల గొలుసు సిద్ధాంతం చెక్కుచెదరలేదు. దాన్ని అమలు చేసే కోడ్‌లో రంధ్రం పడింది. ప్రాక్సీ అంటేనే నిర్వచనం ప్రకారం మధ్యలో కూర్చున్న యంత్రం కాబట్టి, రెండు రక్షణలూ ఉంచుకోవడమే మేలు.

మిగతా ప్యాకేజీ మేనేజర్ల సంగతి త్వరగానే తేలిపోతుంది. డీఎన్‌ఎఫ్‌కు డీఎన్‌ఎఫ్.కాన్ఫ్ ఫైలులోని ‘మెయిన్’ విభాగంలో ప్రాక్సీ, ప్రాక్సీ_యూజర్‌నేమ్, ప్రాక్సీ_పాస్‌వర్డ్ అని విడివిడిగా ఇవ్వాలి. రిపాజిటరీ ఫైల్లో ప్రాక్సీని ఖాళీగా వదిలితే ఆ రిపాజిటరీ ఒక్కదానికి ప్రాక్సీ ఉండదు. డీఎన్‌ఎఫ్‌కు ముందున్న పాత యమ్ అలవాటు కొద్దీ ‘_నన్_’ అని రాసినా చెల్లుతుంది గానీ, అలా రాసినప్పుడు షెల్‌లోని ప్రాక్సీ వేరియబుళ్లు మళ్లీ అమల్లోకి వస్తాయి. ప్రాక్సీ వద్దన్నా ప్రాక్సీ మీదుగానే పోతోందేమిటని తలపట్టుకునే సందర్భం అదే. సూసేలో సిస్‌కాన్ఫిగ్ కింది ప్రాక్సీ ఫైల్లో చిరునామాతోపాటు ప్రాక్సీ_ఎనేబుల్డ్‌ను ‘యెస్’ చేయాలి. ఆర్చ్‌లోని ప్యాక్‌మ్యాన్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లనే చూస్తుంది కాబట్టి సుడో గడప సమస్య దానికి పూర్తిగా వర్తిస్తుంది. ఉబుంటులోని మరో ప్యాకేజీ వ్యవస్థ స్నాప్‌కు ఆప్ట్ సెట్టింగ్‌తో పనిలేదు; ‘స్నాప్ సెట్ సిస్టమ్’ కమాండ్‌తో ప్రాక్సీ.హెచ్‌టీటీపీ, ప్రాక్సీ.హెచ్‌టీటీపీఎస్ విలువలు విడిగా ఇవ్వాలి.

యూజర్ పేరూ పాస్‌వర్డూ అడిగే ప్రాక్సీలతో తంటా వేరు. ఆప్ట్‌లో అవి చిరునామాలోనే ఇమిడిపోవాలి. పాస్‌వర్డ్‌లో ‘@’ గుర్తు ఉంటే ఆప్ట్ అక్కడితో పాస్‌వర్డ్ అయిపోయి సర్వర్ పేరు మొదలైందని అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని %40 అనీ, ‘#’ ఉంటే %23 అనీ, కోలన్ ఉంటే %3ఏ అనీ రాయాలి. ఆ ఫైలు మామూలుగా యంత్రంలోని యూజర్లందరూ చదవగలిగేదే. అనుమతులు బిగిస్తే మామూలు యూజర్‌గా నడిపే ఆప్ట్ కమాండ్లు ఫైలు చదవలేకపోయామని గోల చేస్తాయి. పైగా తొంభై రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చమనే ఆఫీసుల్లో, ఫైల్లో పాతదే మిగిలిపోతే, తెరవెనుక టైమర్ పదేపదే పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొట్టి ఆ ఉద్యోగి ఖాతానే లాక్ చేయించవచ్చు. ప్రాక్సీ ఎన్‌టీఎల్‌ఎం అనే విండోస్ లాగిన్ పద్ధతి కోరితే ఆప్ట్‌కు అది రాదు. డీఎన్‌ఎఫ్‌కు మాత్రం కర్ల్ లైబ్రరీ పుణ్యమా అని ఆ సదుపాయం ఉంది. ఆప్ట్ కోసం సీఎన్‌టీఎల్‌ఎం లాంటి చిన్న ప్రోగ్రామ్‌ను అదే యంత్రంలో నడిపి, ఆప్ట్‌ను 127.0.0.1కు మళ్లిస్తే, ఆఫీసు ప్రాక్సీతో బేరమాడే పని అది చూసుకుంటుంది. పాస్‌వర్డ్ ఒకేచోట, సాదా అక్షరాలుగా కాక హ్యాష్ రూపంలో ఉండటం అదనపు లాభం.

బెంగళూరు ఉద్యోగి ల్యాప్‌టాప్ ఒకచోట ఉండేది కాదు. పగలు మహదేవపుర ఆఫీసులో ప్రాక్సీ వెనక, రాత్రి మారతహళ్లి పీజీ వైఫై మీద, శుక్రవారం రాత్రి బస్సెక్కితే మర్నాడు కడపలోనో చిత్తూరులోనో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటుంది. ఆఫీసులో పెట్టిన ప్రాక్సీ మిగతా రెండు చోట్లా అడ్డమే. ఫైలును తీసి పెట్టి, పెట్టి తీసే బదులు ఆప్ట్‌లోనే ఉన్న ప్రాక్సీ-ఆటో-డిటెక్ట్ సెట్టింగ్ వాడాలి. ఇంత ఉపయోగపడేదీ, ఇంత తక్కువమంది వాడేదీ ఆప్ట్‌లో మరొకటి ఉండకపోవచ్చు. ఆ సెట్టింగ్ విలువగా ఒక స్క్రిప్ట్ దారి ఇస్తే, ఆప్ట్ దాన్ని నడిపి, అది ముద్రించిన వరసను ప్రాక్సీగా తీసుకుంటుంది. ‘డైరెక్ట్’ అని ముద్రిస్తే నేరుగా వెళ్తుంది, ఏమీ ముద్రించకపోతే మామూలు సెట్టింగ్‌నే అనుసరిస్తుంది. స్క్రిప్ట్ చేయవలసిందల్లా ఆఫీసు ప్రాక్సీ పోర్టు ఒక సెకనులోపు పలుకుతుందో లేదో చూడటం. పేరు చిరునామాగా మారిందా లేదా అన్నది మాత్రమే చూస్తే సరిపోదు, పోర్టును తట్టి చూడాలి. ఇంటి నుంచి వీపీఎన్‌లో ఉన్నప్పుడు ఆఫీసు డీఎన్‌ఎస్ ఆ పేరుకు చిరునామా చెబుతుంది, కానీ ప్రాక్సీ దాకా దారి ఉండకపోవచ్చు.

పీజీ వైఫైల దగ్గర వచ్చే మరో వింత ఎర్రర్‌ను కూడా ప్రాక్సీ ఖాతాలో వేసేస్తుంటారు. సంతకం చేసిన ఫైలు చెల్లదనీ, ‘నోస్ప్లిట్’ వచ్చిందనీ చెప్పి, నెట్‌వర్క్‌కు లాగిన్ కావాలేమో అని ఆప్ట్ బ్రాకెట్లలో సందేహం వెలిబుచ్చుతుంది. ఆ సందేహం చాలాసార్లు నిజమే. ఫోన్ నంబరూ ఓటీపీ అడిగే లాగిన్ పేజీని వైఫై పెట్టె ఇన్‌రిలీజ్ ఫైలు స్థానంలో పంపింది. బ్రౌజర్‌లో లాగిన్ అయితే సమస్య తీరుతుంది.

ఎర్రర్లను ఈ దృష్టితో చదివితే సగం పని అయినట్టే. ప్రాక్సీ వాడుతున్న ప్రోగ్రామ్ ఉబుంటు సర్వర్ పేరును తాను స్వయంగా డీఎన్‌ఎస్‌లో అడగదు, ఆ పని ప్రాక్సీది. కాబట్టి ఆర్కైవ్ పేరును గుర్తించలేకపోయామని ఆప్ట్ అంటే, చిరునామా సరిగ్గా ఉందా అని చూడటం కాలయాపన. సెట్టింగ్ ఆప్ట్‌కు చేరనే లేదు. గుర్తించలేకపోయిన పేరు ప్రాక్సీదే అయితే సెట్టింగ్ చేరింది, నెట్‌వర్క్ మారింది. 407 వస్తే ప్రాక్సీ తలుపు తీసింది కానీ పాస్‌వర్డ్ నచ్చలేదు. 403 వస్తే ఐటీ విభాగం ఆ సర్వర్‌ను అనుమతించలేదు, ఎన్ని ఫైళ్లు మార్చినా ప్రయోజనం లేదు, టికెట్ వేయాల్సిందే. హ్యాష్ కుదరలేదంటే ప్రాక్సీ క్యాష్‌లో (దాచుకున్న నకళ్లలో) పాత సూచిక ఇరుక్కుని ఉండవచ్చు. సూచికలను హ్యాష్ పేరుతోనే తెచ్చుకునే పద్ధతి వచ్చాక ఇది బాగా తగ్గింది, ఇంకా ఎదురైతే ఆప్ట్‌కు నో-క్యాష్ ఆప్షన్ ఇచ్చి చూడవచ్చు. ఆప్ట్ అప్‌డేట్ పనిచేస్తూ, కొత్త రిపాజిటరీని చేర్చే యాడ్-ఆప్ట్-రిపాజిటరీ కమాండ్ మాత్రమే ఆగిపోతే కంగారుపడనక్కర్లేదు. అది ఉబుంటు ప్రాజెక్టుల సైటు లాంచ్‌ప్యాడ్‌తో తన దారిలో తాను మాట్లాడుతుంది, ఆప్ట్ ఫైలును కాక ఎన్విరాన్‌మెంట్‌నే చూస్తుంది. సుడో ‘ఈ’ ఆప్షన్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఇది.

టీమ్ మొత్తం ఒకే ప్యాకేజీలను పదేపదే దించుకుంటుంటే ప్రాక్సీని క్యాష్‌గా వాడుకోవాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. క్యాషింగ్ ప్రాక్సీ ప్రోగ్రామ్ స్క్విడ్‌ను అలాగే నిలబెట్టి వదిలేస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. అది భద్రపరిచే ఫైలు గరిష్ఠ పరిమాణం డీఫాల్ట్‌గా 4 మెగాబైట్లు. కెర్నల్, ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు అంతకు ఎన్నో రెట్లు. ఆ పరిమితి పెంచి, డిస్కు మీద క్యాష్ డైరెక్టరీ చూపించాలి. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ ఈ పని కోసమే పుట్టింది, 3142 పోర్టులో వింటుంది, కానీ హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలకు గొట్టం వేయమంటే డీఫాల్ట్‌గా నిరాకరిస్తుంది. దాని కాన్ఫిగరేషన్‌లో పాస్‌త్రూప్యాటర్న్ రాస్తే గొట్టం వేస్తుంది గానీ ఆ గొట్టం లోపలిది క్యాష్ కాదు.

కంటైనర్ ఇమేజ్‌లు తయారుచేసే డాకర్ బిల్డ్‌ల దగ్గర మాత్రం ఇంతవరకూ చెప్పిన సలహాను తిరగేయాలి. హోస్ట్‌లోని ఆప్ట్ ఫైలు కంటైనర్ లోపలికి కనిపించదు కాబట్టి, డాకర్‌ఫైల్లో ‘ఎన్వ్’ వరసతో ప్రాక్సీ పెట్టేయాలనిపిస్తుంది. అలా పెట్టినది ఇమేజ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. బెంగళూరు ఆఫీసులో కట్టిన ఇమేజ్ ముంబై క్లౌడ్‌లో నడిచినప్పుడు అందులోని ఆప్ట్ అక్కడ లేని ప్రాక్సీ కోసం వెతుకుతుంది, చిరునామాలో పాస్‌వర్డ్ ఉంటే అది కూడా ఇమేజ్‌తోపాటు ప్రయాణిస్తుంది. బిల్డ్ సమయంలో బిల్డ్-ఆర్గ్‌గా హెచ్‌టీటీపీ_ప్రాక్సీని ఇస్తే, డాకర్‌ఫైల్లో ఏమీ రాయకుండానే అది బిల్డ్ మెట్లకు అందుతుంది, ఇమేజ్ చరిత్రలో మిగలదు. ఇక్కడ ఎన్విరాన్‌మెంట్ వేరియబులే సరైన చోటు, ఎందుకంటే కంటైనర్ బిల్డ్‌లో సుడో గడపా లేదు, వెనక నడిచే టైమరూ లేదు.